అటవీ శాఖ మంత్రి గారికి: ఏజెన్సీ మారితే మా సర్వీసు ఎందుకు సున్నా అవుతోంది?

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

విదేశాల నుంచి కూడా విద్యార్థులు, ఆఫీసర్లు శిక్షణకు వచ్చే ఒక అటవీ విద్యా సంస్థలో పనిచేస్తున్న ఔట్‌సోర్సింగ్ సిబ్బంది తరఫున ఈ లేఖ రాస్తున్నాను సార్. సంస్థ పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున గేటు దగ్గర ఎవరిని ఆపేస్తారో మాకు తెలుసు. వినతి పత్రాలు ఇచ్చాం, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం, మీరు పర్యటనకు వచ్చినప్పుడు దండం పెట్టి చేతికే ఇచ్చాం. "పరిశీలిస్తాం" అన్న మాట తప్ప ఇంతవరకూ ఏమీ రాలేదు. అందుకే నలుగురికీ కనిపించేలా రాస్తున్నాను.

ఔట్‌సోర్సింగ్ విధానం ఏమిటో, జీవోలు ఏం చెప్తున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మమ్మల్ని పనికి పంపే కాంట్రాక్టు ఏజెన్సీ మారినప్పుడల్లా మా సర్వీసును మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెడుతున్నారు, దాని గురించే నా బాధంతా. మనుషులం మేమే, నర్సరీ అదే, పని చెప్పే సార్లూ వాళ్ళే. టెండర్ కాగితం మీద కంపెనీ పేరు ఒక్కటే మారుతుంది. పాత ఏజెన్సీ గడువు అయిపోయి కొత్తది ఖరారయ్యేలోపు నెలలు గడుస్తాయి, ఆ నెలల్లో మేం ఎవరి కింద పనిచేస్తున్నామో చెప్పే నాథుడు ఉండడు. పని మాత్రం ఆగదు. వేపగింజ రాలాక కొద్ది వారాల్లో నాటకపోతే దాని మొలకశక్తి పోతుంది. టేకు గింజల్ని నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి రోజుల తరబడి చాకిరీ చేస్తే తప్ప సరిగ్గా మొలవవు. ఎండాకాలంలో రెండు రోజులు నీళ్ళు పెట్టకపోతే సంచుల్లో మొక్కలు మాడిపోతాయి, పిల్లల ప్రాక్టికల్స్, పీజీ వాళ్ళ ప్రయోగాలు అన్నీ వాటి మీదే ఉన్నాయి. అందుకని జీతం వస్తుందో రాదో తెలియకుండానే పొద్దున్నే వెళ్ళి పైపు పట్టుకుంటాం. ఆ నెలల డబ్బులు కొందరికి ఎప్పటికో వచ్చాయి, కొందరికి సగమే వచ్చాయి, ఇంకొందరికి అసలు రాలేదు.

పీఎఫ్ సంగతి చెప్తాను. జీతంలో 12 శాతం కోసినట్టు స్లిప్పులో ఉంటుంది, పాస్‌బుక్ తెరిచి చూస్తే కొన్ని నెలలు ఖాళీ. పాత ఏజెన్సీ వాళ్ళు ఫోన్ ఎత్తరు. కొత్త ఏజెన్సీ మాకు సంబంధం లేదంటుంది. ఆఫీసులో అడిగితే అది మీకూ ఏజెన్సీకీ మధ్య విషయం అంటారు. ఎలా అవుతుంది సార్? కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. పీఎఫ్ పింఛను రావాలంటే 10 ఏళ్ళ సర్వీసు నిండాలి. మా దగ్గర కుర్రతనంలో చేరి జుట్టు నెరిసినవాళ్ళు ఉన్నారు, ఈ ఖాళీల వల్ల వాళ్ళకి కూడా కాగితం మీద ఆ పదేళ్ళు నిండటం లేదు.

ఈఎస్‌ఐ కూడా ఇంతే. చందా కట్టకపోతే కార్డు చెల్లదు, ఆస్పత్రికి వెళ్ళాకే ఆ సంగతి తెలుస్తుంది. మా పనిలో ప్రమాదం లేదని ఎవరైనా అనుకుంటారేమో. నారుమళ్ళ మధ్య పాములు తిరుగుతుంటాయి. ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో ఎండిన కొమ్మలకు పురుగు పట్టకుండా మెర్క్యూరిక్ క్లోరైడ్ పూస్తారు, అది పాదరసం కలిసిన విషం. ఆ గదిలో పనిచేసే అక్కకి గ్లౌజులు, మాస్కు అడిగితే ఏజెన్సీని అడగమన్నారు. విషం పూసే పని మాత్రం సంస్థే చెప్తుంది.

మార్చి 21న అంతర్జాతీయ అటవీ దినోత్సవం వస్తే షామియానా దగ్గర నుంచి మొక్కల దాకా అన్నీ మేమే చూస్తాం. అతిథుల్ని అడవిలోకి తీసుకెళ్ళినప్పుడు ఆకు రాలిన చెట్టు ముందు నిలబడి, బెరడు చూసి ఇది నల్లమద్ది, ఇది చిరుమాను, ఇది ఏగిస అని చెప్పేది మా పెద్దాయనే. ప్రొఫెసర్లు కూడా ఆయన్ని అడిగే రాసుకుంటారు, అది వాళ్ళ మంచితనం, కాదనను. కానీ ఆయన హోదా రికార్డుల్లో నైపుణ్యం లేని కూలీ అనే ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి కూడా పెద్ద తేడా లేదు, పీహెచ్‌డీలు చేసి పీరియడ్‌కి ఇంత అని తీసుకుంటున్నారు, సెలవులొస్తే అదీ ఉండదు. గుర్తింపు కోసం తనిఖీ బృందం వచ్చినప్పుడు మాత్రం వాళ్ళ పేర్లు సిబ్బంది జాబితాలోకి ఎక్కుతాయి.

రెగ్యులర్ చేయమని నోరు తెరిస్తే చాలు, నిబంధనల ప్రకారం నియామకం కాని తాత్కాలిక సిబ్బందికి రెగ్యులర్ అయ్యే హక్కు లేదని సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన ఉమాదేవి తీర్పు చూపించి పంపేస్తున్నారు. అదే సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో ఏం చెప్పిందో కూడా చూడమని మీ అధికారులకు చెప్పండి సార్. కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చినవాళ్ళనీ, తోటపని చేసిన మనిషినీ రెగ్యులర్ చేయమంది. నిత్యం అవసరమయ్యే పనిని తాత్కాలికం అని పిలిచి మనుషుల హక్కులు తీసేయడానికి ఉమాదేవి తీర్పును వాడుకోకూడదని గట్టిగా చెప్పింది. మాదీ తోటపనే కదా సార్, మాదీ నిత్యం ఉండే పనే కదా?

రెగ్యులర్ చేయడానికి టైం పడుతుందంటారు, సరే. ముందు టెండర్ ఖాళీలో చేసిన పనికి జీతం ఇప్పించండి. ఏజెన్సీలు కోసుకుని కట్టని పీఎఫ్ ఎంతో లెక్క తీయించి కట్టించండి. ఏజెన్సీ మారినా సర్వీసు పాత తేదీ నుంచే లెక్కించాలని ఒక్క ఆర్డర్ ఇప్పించండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. ఈఎస్‌ఐ కార్డు చెల్లేలా చూడండి. జీతం సంగతి మళ్ళీ చెప్తున్నాను, దయచేసి చూడండి, పిల్లల ఫీజులు అప్పు చేసి కట్టినవాళ్ళు ఉన్నారు మాలో.

ఈసారి పరిశీలిస్తాం అనొద్దు సార్. చేస్తారో చేయరో కాగితం మీద రాసి ఇప్పించండి, ఏ తేదీలోపో కూడా రాయించండి.

ఇట్లు,
మీ శాఖ నర్సరీలో పనిచేస్తున్న ఒక ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి