నీళ్ల మోటారు రాత్రి ఏడింటికే ఎందుకు తిరగాలి?

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ ఆఫీసుల్లో కరెంటు పొదుపు అంటే "అవసరం లేని లైట్లు, ఫ్యాన్లు ఆర్పండి" అని గోడకో కాగితం అంటించడమే. ఆర్పడం మంచిదే, కాదనను. కానీ ఎంత వాడామన్నదే కాదు, ఏ వేళకు వాడామన్నదీ బిల్లులో పడుతుందన్న సంగతి మన అధికారుల్లో చాలామందికి పట్టదు.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. సాయంత్రం ఆరు దాటితే వార్డుల్లో లైట్లన్నీ వెలిగేవి, సరిగ్గా అప్పుడే సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు, వెనకాల దుప్పట్లు ఉతికే మెషిన్లు, అన్నీ ఒకేసారి తిరిగేవి. ఎవరూ ఆలోచించి పెట్టిన టైము కాదది, డ్యూటీ మారగానే వచ్చినాయన స్విచ్చి వేస్తాడు, అంతే. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కించినా అవే నీళ్లు కదా! పైగా హెచ్‌టీ (పెద్ద లోడు వాడేవాళ్లకిచ్చే హైటెన్షన్) కనెక్షన్‌కు యూనిట్లతో పాటు డిమాండ్ చార్జీ, అంటే ఒకేసారి ఎంత లోడు లాగామన్నదానికి వేసే చార్జీ, వేరే ఉంటుంది, నెలలో ఏదో ఒక్క అరగంట లోడు ఎగబాకినా మీటరు దాన్ని పట్టేస్తుంది, ముందుగా ఒప్పుకున్న లోడు దాటితే పెనాల్టీ. రెండుసార్లు పై అధికారికి చెప్పి చూశాను. "బిల్లు నువ్వు కడుతున్నావా?" అన్నారు. నిజమే, నేను కట్టట్లేదు. ఆ మాట అన్నాయనా కట్టట్లేదు.

2023లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. పగలు సోలార్ కరెంటు వచ్చే ఎనిమిది గంటలు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, పీక్ టైంలో, అంటే అందరూ ఎక్కువగా వాడే వేళ, ఎక్కువ ఉండాలి, ఏ గంటలన్నది రాష్ట్ర ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) తేల్చాలి. వ్యవసాయం తప్ప మిగతా అందరికీ ఇది అమల్లోకి రావడానికి 2025 ఏప్రిల్ 1 ఆఖరి గడువు పెట్టారు. ఆఫీసులు ఎలాగూ పగలే నడుస్తాయి కాబట్టి వాటికి పెద్ద తంటా లేదు. అసలు చూడాల్సింది రాత్రీపగలూ నడిచే ఆసుపత్రులు, హాస్టళ్లు, మున్సిపాలిటీ నీళ్ల పంపులు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ జోలికి ఎవరూ పోనక్కర్లేదు. మోటారు, ఉతుకుడు మెషిన్లు, గీజర్లు, ఆఫీసు బ్యాటరీ కార్ల చార్జింగ్, ఇవి కాస్త ముందూ వెనకా అయితే ఏ రోగికీ నష్టం లేదు. మోటారుకు ఒక టైమర్ పెట్టినా పనవుతుంది.

దీనిమీద ప్రభుత్వం జీవో ఇస్తే అందులో ఈ ఒక్క ముక్క కూడా చేర్చాలి: అలా మిగిలిన డబ్బులో సగం ఆ ఆసుపత్రికో, ఆ హాస్టలుకో రిపేర్ల కోసం వదిలేయాలి. ఇప్పుడైతే బిల్లు తగ్గినా పెరిగినా అక్కడ పనిచేసేవాళ్లకు ఒకటే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్