‘ఏ బస్సు సార్?’ నుంచి ‘లేవరా’ దాకా

సంపాదకులకు నమస్కారం.

బస్టాండులో, కృష్ణ ఘాట్ల మీద పడుకునేవాళ్ళ వల్ల విజయవాడ పరువు పోతోందనీ, ఒళ్ళు వంచి పనిచేస్తే ఎవరికీ ఆ గతి పట్టదనీ ఈ మధ్య మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆ పడుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరో చదివి బెంచీ మీద వదిలేసిన పేపర్లో ఆ ఉత్తరం చూశాను.

నాకు అరవై రెండేళ్ళు. పాతికేళ్ళ పాటు ప్రెస్సు నడిపాను. పెళ్ళికార్డులు, బిల్లుబుక్కులు, సంక్రాంతి ముందు క్యాలెండర్లు. సత్యనారాయణపురంలో ఫ్లాటు, పాత మారుతీ కారు ఉండేవి. మా ఆవిడకు డయాలసిస్ మొదలయ్యాక ముందు కారు పోయింది, తర్వాత ఫ్లాటు. మనిషీ దక్కలేదు. సింగ్‌నగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని మిషను అక్కడికి మార్చి, వెనక గదిలోనే ఉండేవాణ్ణి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వచ్చి అదీ తీసుకుపోయింది. నీళ్ళు దిగాక చూస్తే దసరా తర్వాతి ముహూర్తాలకు వేసిన కార్డులు పసుపు రంగు కారిపోయి, కట్టకు కట్ట ఇటుకల్లా బిగుసుకుపోయాయి. కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 నాకూ వచ్చింది, కాదనను. మిషను బాగుచేయడానికి మెకానిక్ చెప్పిన లెక్క మాత్రం లక్షల్లో ఉంది. అడ్వాన్సులు తిరిగిచ్చి, మిషను పాత ఇనుము కింద అమ్మేశాను.

ఇప్పుడూ పనిచేస్తూనే ఉన్నాను. బైండింగు షాపువాళ్ళు పని ఉన్నప్పుడు పిలుస్తారు. ఆ కూలితో చిన్న గదికి అద్దె కట్టగలను, అడ్వాన్సు కూడగట్టడమే కష్టం. అదీ కూడగట్టుకుని వెళ్తే ఓనర్లు అడిగేది ఒకటే: “మీకెవరూ లేరాండీ?” లేరంటే గది అప్పుడే ఎవరికో మాట ఇచ్చేశామంటారు. ముసలాయన ఇంట్లో పోతే ఎవరొచ్చి తీసుకెళ్తారని వాళ్ళ భయం.

బస్టాండులో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటే “ఏ బస్సు సార్?” అంటారు. రెండు రోజులు గడ్డం పెరిగిందా, “లేవరా” అంటారు. అందుకే తిండికి ముందు బ్లేడు కొంటాను. అన్న క్యాంటీన్ లైన్లో ఒకసారి పాత కస్టమరొకాయన చూశారు. వాళ్ళమ్మాయి పెళ్ళికార్డు నేనే వేశాను. పక్కకు పిలిచి, “మందా? పేకాటా?” అని అడిగారు. రెండూ కాదంటే ఆయన మొహంలో కంగారు కనిపించింది. అలవాట్ల వల్లే చెడ్డానని చెబితే నిశ్చింతగా ఇంటికి వెళ్ళేవారు.

ఇక పింఛను సంగతి. అరవై దాటిన పేదలకు నెలకు 4,000 ఇస్తున్నారు. దరఖాస్తు పెడితే, బండి లాంటివి ఉన్నాయేమో చూసే ఆరంచెల వడపోతలో ఆగిపోయింది. నా పేరు మీద నాలుగు చక్రాల బండి ఉందట! కారు కొన్నాయన పేరు మార్పించుకోలేదు, ఫోన్ నంబరు మార్చేశారు. కంప్యూటర్లో నేనింకా కారున్న ఆసామినే. దిగజారినవాడి సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా పట్టదు.

ఓటు దగ్గర మాత్రం పద్ధతి వేరు. ఇల్లు లేనివాడు ఓటరుగా చేరడానికి ఫారం 6 ఇస్తే, చిరునామా కాగితం అడగరు. అతను చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నాడో లేదో బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూడాలని ఎన్నికల సంఘం నియమం. ఓటు కోసం రాత్రిపూట రాగలిగినవాళ్ళు పింఛను కోసం ఒక్కసారి పగలు వచ్చి చూడలేరా? లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే షెల్టరు ఉండాలని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. మనది 2011 లెక్కలకే పది లక్షలు దాటిన ఊరు. ఆ షెల్టర్లన్నీ పెట్టి, వాటి చిరునామాతో మాలాంటివాళ్ళ దరఖాస్తులు తీసుకుని, ఇవాళ ఎలా ఉన్నామో చూసి రాసుకోమని అధికారులను కోరుతున్నాను.

నూజివీడు వైపు నుంచి వచ్చి నా తెల్ల మారుతీ కొన్నాయన ఇది చదివితే ఒక మనవి. వెనక అద్దం మీద మా ప్రెస్సు స్టిక్కరు ఉండేది, గుర్తుపడతారు. నా నంబరు ఈ పత్రికవాళ్ళ దగ్గర ఉంది. డబ్బేమీ అడగను. వచ్చి పేరు మార్పు కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళండి.

– ఒక మాజీ ప్రెస్సు యజమాని, విజయవాడ
(పేరు వేయవద్దని మనవి)