లీన్‌టూ అంటే గది కాదు

అయ్యా,

మీ పత్రికలో వేసే అమెరికా వేసవి విహారాల కథనాల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాండాక్ కొండలు, వాటి నడుమ కోల్డెన్ సరస్సు ఫొటోలు చూసి బయల్దేరే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. రాత్రి బస సంగతి మాత్రం మీరు 'అక్కడ లీన్‌టూలు ఉంటాయి' అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తున్నారు. ఈసారి వేసేటప్పుడు కింది వివరాలూ వేయండి.

లీన్‌టూకి మూడు వైపులా దుంగల గోడలు, పైన కప్పు ఉంటాయి. నాలుగో వైపు బార్లా తెరిచే ఉంటుంది. బుకింగ్ లేదు. ముందొచ్చినవాళ్లకే చోటు, అలాగని మొత్తం వాళ్లదే కాదు. సాధారణంగా 8 మంది పడతారు, నిండేదాకా తర్వాత వచ్చినవాళ్లని రానివ్వాల్సిందే. దోమలున్నాయని లోపల టెంట్ వేయడం, ముందు ప్లాస్టిక్ పట్టా కట్టడం నిషేధం. శనివారం సాయంత్రం చోటు దొరుకుతుందన్న భరోసా లేదు కనుక టెంట్ మోసుకెళ్లాలి. దాన్ని టెంట్లకని గుర్తుగా పసుపు బిళ్ల కొట్టిన స్థలంలోనే వేయాలి. రాత్రి బసకు బృందంలో 8 మందికి మించకూడదు. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్లే మన పద్ధతి ఇక్కడ కుదరదు.

ఆడిరాండాక్ లాడ్జ్ నుంచి మార్సీ డ్యామ్ మీదుగా కోల్డెన్ సరస్సుకు 5 మైళ్లకు పైగా నడక. దారిలో అవలాంచ్ సరస్సు ఒడ్డున బండలు, నిచ్చెనలు, కొండకు బోల్టులతో బిగించిన చెక్క వంతెనలు దాటాలి. మూటలతో నాలుగు గంటలైనా పెట్టుకోండి. మంటలు వేయకూడదు, గ్యాస్ స్టవ్వే గతి.

అసలు చిక్కు తిండితోనే. తాడుతో చెట్టుకు వేలాడదీసిన సంచులను దించుకోవడం ఇక్కడి ఎలుగులు ఎప్పుడో నేర్చాయి. అందుకే 2005 నుంచి బేర్ కానిస్టర్ (ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా) తప్పనిసరి చేశారు. ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 దాకా అది లేకుండా రాత్రి ఉండకూడదు. 'ఎల్లో-ఎల్లో' అని పేరుపడ్డ ఆడ ఎలుగైతే మర మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను కూడా తెరిచేసేది. నాణెంతో తిప్పే గొళ్లేలున్న నల్ల డబ్బా మేలు. వాసన ఉన్నదల్లా అందులోకే వెళ్లాలి: పులిహోర, కందిపొడి, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, చెత్త కూడా. అటుకులు, మరమరాల ప్యాకెట్లలో గాలి తీసేయకపోతే డబ్బా సగం వాటికే పోతుంది. గాజు సీసాలు నిషేధం కాబట్టి ఆవకాయను ఇంట్లోనే ప్లాస్టిక్ డబ్బీలోకి మార్చుకోవాలి. గిన్నెలు సరస్సులో కడగకూడదు. నీళ్లు తెచ్చుకుని 150 అడుగుల అవతల కడిగి, మిగిలిన మెతుకులు చెత్త సంచిలో వేసుకోవాలి.

రాత్రి కానిస్టర్‌ని పడుకునే చోటికి 100 అడుగుల దూరంలో, చదునైన నేల మీద పెట్టండి. ఒడ్డు వాలులో పెడితే ఎలుగు దాన్ని దొర్లించి నీళ్లలోకి తోసేస్తుంది. మూత ఊడకుండానే మర్నాటి టిఫిన్ పోతుంది.

– ఒక పాఠకుడు, ఆల్బనీ, న్యూయార్క్