2025–26 వార్షిక నివేదిక: మన రచనల సర్వరు సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

సభలు, పోటీల వివరాలు కార్యదర్శి గారి నివేదికలో, జమాఖర్చులు కోశాధికారి గారి నివేదికలో వస్తాయి. ఇది మన బ్లాగు నడిచే సర్వరు (ఎప్పుడూ ఇంటర్నెట్‌లో ఉండే కంప్యూటరు) గురించి మాత్రమే. మనం రాసిన కథలు, పద్యాలు, ఊళ్ల చరిత్రలు అన్నీ దాని మీదే ఉన్నాయి కాబట్టి, సాంకేతిక గొడవ మనకెందుకులే అనుకోకుండా చదవమని కోరుతున్నాను.

సొంత సర్వరు ఎందుకని కొత్త సభ్యులు ఈసారి కూడా అడిగారు. ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. ముందుగా చెప్పే మూశారు. కానీ ఆ కబురు చూసుకుని తన రాతలు దించుకోవడానికి రాసిన మనిషి ఉండాలి కదా. మన దగ్గర కాలం చేసిన పెద్దల రచనలు చాలా ఉన్నాయి. వాటి బాధ్యత సంఘానిదే. అందుకే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న సర్వరు అద్దెకు తీసుకుని, దాని మీద బ్లాగు నడిపే వర్డ్‌ప్రెస్ పెట్టుకుని, డొమైన్‌ను (సైటు చిరునామాను) సంఘం పేరు మీదే ఉంచుకున్నాం. రేపు సర్వరు ఇచ్చే కంపెనీ మారినా చదివేవాళ్లకు చిరునామా మారదు.

ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద పని ఇల్లు మారడం. మన పాత సర్వరు ఉబుంటు అనే లినక్స్ రకం, 20.04 వెర్షన్ మీద నడిచేది. దానికి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2025 మే నెలతో ఆగిపోయాయి. అక్కడి నుంచి 24.04కి నేరుగా వెళ్లే దారి లేదు, మధ్యలో 22.04కి మారి వెళ్లాలి. నడుస్తున్న సైటు మీద రెండుసార్లు అంత సాహసం వద్దనుకుని, పక్కనే కొత్త సర్వరు తీసుకుని, అందులో అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే డొమైన్‌ను ఇటు తిప్పాం. దీంతో వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ కూడా 7.4 నుంచి 8.3కి వచ్చింది. పాత థీమ్ (సైటు రూపాన్ని తీర్చే భాగం) మాత్రం తెరుచుకోలేదు. అది వాడుకునే కొన్ని పాత ఫంక్షన్లను పీహెచ్‌పీ 8లో పూర్తిగా తీసేశారు. కొత్త థీమ్‌లో సిలికానాంధ్ర వాళ్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన మండలి ఫాంటు పెట్టాం. ఆ ఫాంటు ఫైలు మన సర్వరు మీదే ఉంది.

అసలు టెన్షన్ రచనలన్నీ దాచి ఉన్న డేటాబేసు దగ్గర వచ్చింది. కొత్త సర్వరులో పాత కథలు తెరిస్తే తెలుగు బదులు గీతలు, సున్నాలు, తలమీద గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. కారణం పాతదే. 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్ (డేటాబేసును నడిపే ప్రోగ్రాము) ఏమీ చెప్పకపోతే అన్నిటినీ లాటిన్ లిపి అనుకునేది. ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను అంకెలుగా రాసే పద్ధతిలో) దాచాలో సెట్టింగుల్లో చెప్పే వీలు వర్డ్‌ప్రెస్‌లో 2007లో, 2.2 వెర్షన్‌తో వచ్చింది. మన తొలి రచనలు అంతకు ముందువి. వాటి బైట్లు (కంప్యూటరు దాచుకునే అంకెలు) సరైన తెలుగువే, పైన ముద్ర మాత్రం లాటిన్ అని ఉంది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ అదే ముద్ర వాడినన్నాళ్లు తెర మీద తేడా తెలియలేదు. కొత్త సర్వరు ఆ ముద్రను నమ్మి యూనికోడ్‌లోకి మార్చేసరికి, ఒక్కో తెలుగు గుర్తు మూడేసి గుర్తులుగా చీలిపోయింది.

మందు సులువే: లాటిన్‌గానే, ఏ మార్పూ లేకుండా డంప్ (డేటాబేసు మొత్తం ఒక ఫైలుగా) తీసి, ఆ ఫైలులో ముద్రను యూటీఎఫ్8ఎంబీ4గా, అంటే యూనికోడ్‌గా, దిద్ది, మళ్లీ ఎక్కించాలి. అయితే అన్ని పట్టికలూ ఒకే తీరులో లేవు. బాగున్నవాటికి కూడా ఇదే మందు వేస్తే అవి చెడతాయి. అందుకని పట్టిక వారీగా వెళ్లాం. మన విశ్రాంత ఉపాధ్యాయులు పాత అచ్చు ప్రతులు పక్కన పెట్టుకుని, అరసున్నలు, బండి ఱలతో సహా పద్యాలన్నీ సరిచూశారు. వాళ్లకు సంఘం తరఫున మనసారా కృతజ్ఞతలు. ఆ చూపు ఏ ప్రోగ్రాముకూ రాదు.

లింకుల విషయం. తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే చిరునామాగా మారుస్తుంది. మన ఒక్కో గుర్తు మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటు మూడు అక్షరాల చోటు తీసుకుంటుంది. అంటే గుర్తుకు తొమ్మిది. గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘స్త్రీ’ అనే ఒక్క మాటకే 54 పడతాయి. చిరునామాకు ఉన్న హద్దు 200. అంటే 22 గుర్తులు దాటిన శీర్షిక మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపినప్పుడు మన లింకులు అంత పొడుగ్గా, అర్థం కాకుండా కనిపించేది ఇందుకే. ఇకపై కొత్త రచనలకు రోమన్ లిపిలో పొట్టి చిరునామా ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించింది. చిరునామా కూడా తెలుగులోనే ఉండాలన్న సభ్యుల మాటలో న్యాయం ఉంది, నాకూ అదే ఇష్టం. కానీ తెగిపోయిన తెలుగు కన్నా తెగని లింకు పాఠకుడికి మేలు. పాత లింకులు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.

ఉగాది కవితలు తెల్లవారుజామునే రావాలని పెట్టినా ఆలస్యంగా వచ్చాయని కొందరు అడిగారు. వర్డ్‌ప్రెస్‌లో సమయం చూసే భాగం దానంతటది కదలదు, ఎవరైనా సైటుకు వచ్చినప్పుడే కదులుతుంది. ఇప్పుడు దాన్ని ఆపి, ఐదు నిమిషాలకోసారి లినక్స్‌లో వేళకు పనులు చేయించే క్రాన్ పిలిచేలా చేశాం.

వానాకాలంలో ఒకరోజు సైటు ఆగిపోయింది. డిస్కు నిండిపోయింది. మైఎస్‌క్యూఎల్ 8లో ప్రతి మార్పునూ రాసుకునే బైనరీ లాగ్ ఎవరూ అడగకుండానే మొదలవుతుంది, 30 రోజులవి దాచుతుంది. చిన్న డిస్కుకు అది చాలా ఎక్కువ. గడువును 3 రోజులకు తగ్గించాం, డిస్కు 80 శాతం దాటితే నిర్వాహకులకు మెయిల్ వస్తుంది.

ఆ మెయిల్ వెళ్లడం కూడా వేరే కథ. అద్దె సర్వర్లలో మెయిల్ బయటికి వెళ్లే ద్వారం, 25వ పోర్టు, సాధారణంగా మూసే ఉంచుతారు. అందుకే పాస్‌వర్డు మరిచిపోయిన సభ్యులకు మెయిళ్లు అందలేదు. ఇప్పుడు 587 పోర్టు ద్వారా బయటి మెయిల్ సేవ నుంచి పంపుతున్నాం, ఆ మెయిళ్లు నిజంగా మనవేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు డొమైన్‌కు పెట్టాం. సైటును భద్రంగా తెరిచే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేదే, దాని గడువు 90 రోజులు, అది ముగియక ముందే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాము కొత్తది తెస్తుంది. గడువు దగ్గరపడిందని వాళ్లు పంపే మెయిళ్లు 2025 జూన్‌తో ఆగిపోయాయి కాబట్టి గడువును మనమే రోజూ చూసుకుంటున్నాం.

భద్రత పరంగా: సర్వరులోకి పాస్‌వర్డుతో ప్రవేశం లేదు, కీ (తాళంచెవి లాంటి రహస్య ఫైలు) ఉన్నవాళ్లకే. వాడని ప్లగిన్లు (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు భాగాలు) తీసేశాం. లాగిన్ పేజీ మీద పగలూ రాత్రీ జరిగే పాస్‌వర్డు ప్రయత్నాలను ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రాము ఆపుతోంది. దయచేసి ఎవరూ తమ పాస్‌వర్డును గ్రూపులో పెట్టకండి.

ప్రతి రాత్రీ డేటాబేసు, ఫొటోలు, సెట్టింగుల ఫైలు వేరే కంపెనీ దగ్గరున్న నిల్వలోకి తాళం వేసుకుని వెళ్తాయి. మూడు నెలలకోసారి ఆ ప్రతితో ఖాళీ సర్వరు మీద సైటును మళ్లీ నిలబెట్టి చూస్తున్నాం. నా ఉద్దేశంలో ఈ ఏడాది చేసిన పనులన్నిటిలో ఇదే ముఖ్యమైనది. బ్యాకప్ తెరవాల్సిన రోజు వచ్చేదాకా ఆగితే, అందులో ఏమి లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక మనుషుల సంగతి. వర్డ్‌ప్రెస్ పెట్టడం ఒక సాయంత్రం పని, కాపాడుకోవడం ఏడాది పొడవునా పని. ప్రస్తుతం సర్వరు కీలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, అది చాలదు. ఇంకో ఇద్దరు కావాలి. కంప్యూటరు చదువు అక్కర్లేదు, ఓపికగా చదివి, చేసిన ప్రతి పనీ నోట్సులో రాసే అలవాటు ఉంటే చాలు. ముఖ్యంగా మహిళా సభ్యులు, కాలేజీ పిల్లలు ముందుకు రావాలని కోరుతున్నాను. పేర్లు సర్వసభ్య సమావేశంలోనే కార్యదర్శి గారికి ఇవ్వండి. తర్వాతి ఆదివారం నుంచే నేర్పడం మొదలుపెడతాం. మొదటి పాఠం, బ్యాకప్ నుంచి మన సైటును ఖాళీ సర్వరు మీద లేపడం.

ఇట్లు,
సర్వరు నిర్వహణ ఉపసంఘం తరఫున