ఆ రాయి సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. నాలుగుసార్లు మొదలుపెట్టి పక్కన పెట్టేశాను. ఇక్కడ అందరం బాగున్నాం. పాపకి రెండు పళ్లొచ్చాయి, ఆఫీసు మామూలే, చలి ఇంకా వదల్లేదు. పిన్ని మోకాలి ఆపరేషన్ ఏమైంది? అదొక్కటీ వెంటనే రాయి.

ఇక అసలు సంగతి. ఎవరికైనా చెప్పకపోతే ఆగలేనురా.

ఇంగ్లండ్‌లో మేముండే డర్హమ్‌కి దగ్గర్లో బిషప్ ఆక్లండ్ అని చిన్న ఊరుంది. అక్కడి ఆక్లండ్ కాజిల్ వందల ఏళ్లు డర్హమ్ బిషప్పులున్న కోట. ఒకప్పుడు ఈ బిషప్ అంటే దాదాపు రాజే: సొంత నాణేలు, సొంత కోర్టులు, సొంత సైన్యం. వాళ్లలో ఆంటొనీ బెక్ అనే ఆయన (1284 నుంచి 1311 దాకా) మొదటి ఎడ్వర్డ్ రాజుతో కలిసి స్కాట్లండ్ మీదకి యుద్ధానికి కూడా వెళ్లాడు. ఆయన కాలంలో ఆ కోటలో రెండంతస్తుల చాపెల్, అంటే ప్రార్థనా మందిరం, కట్టారు. 1650ల్లో దాన్ని కూల్చేశారు. ఎంతలా మాయమైందంటే, సరిగ్గా ఎక్కడుండేదో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. మూడున్నర వందల ఏళ్లు!

డర్హమ్ యూనివర్సిటీ, ఆ కోటని చూసుకునే ఆక్లండ్ ప్రాజెక్ట్ అనే సంస్థ కలిసి తవ్వితే బయటపడింది. నేను వాలంటీర్‌గా వెళ్లాను. తవ్వడానికి కాదు, రాళ్లు కడగడానికి. ఒక టబ్బు, చన్నీళ్లు, పాత టూత్‌బ్రష్.

మూడో శనివారం నా ముందుకొక రాయి వచ్చింది. మీ ఇంట్లో రుబ్బురోలు పొత్రం ఉండేదే, అంత ఉంటుంది. ఒక పక్కన సున్నం గట్టిగా పట్టేసి ఉంది. ఇంకో పక్క బురద వదిలేకొద్దీ గుండ్రంగా తిరిగిన అంచు కనిపించింది. ఏ కిటికీదో, ఏ స్తంభానిదో. ఆ వంపులో వేలు పెడితే జారిపోయేంత నునుపు. వెనక్కి తిప్పాను. ఉలి దెబ్బలురా! ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో గీసినట్టు. అది గోడలోకి పోయే వైపు కాబట్టి నునుపు చెయ్యలేదన్నమాట. ఒకచోట రెండు దెబ్బలు మాత్రం వరస తప్పాయి. ఆ మేస్త్రిని ఎవరో పిలిచారో, వర్షమే వచ్చిందో... ఏడు వందల ఏళ్ల నాటి సంగతి. నా బొటనవేలు ఆ గాట్లో సరిగ్గా పట్టింది. వేళ్లు కొంకర్లు పోతున్నా కిందపెట్టబుద్ధి కాలేదు.

చాపెల్ లోపలి పొడవే 40 మీటర్లు, వెడల్పు 12, గోడల మందం మీటరున్నర. ప్యారిస్‌లో ఫ్రెంచి రాజు కట్టించుకున్న సాంత్ షాపెల్‌తో పోలుస్తున్నారు. ఇంటికొచ్చి వీధిలో అంగలేసి కొలిచాను, యాభై మూడు. మన హైస్కూలు వరండా గుర్తొచ్చింది. ఇంకో సంగతి విను. గోడ రాళ్లు పెళ్లగించి పట్టుకుపోయినా గోడ జాడ పోదట. ఆ కందకంలో తర్వాత నిండిన మట్టి రంగు వేరేగా ఉంటుంది, దాన్ని పట్టుకునే గోడ గీత గీస్తారు. లేని గోడని చూడటం!

కూల్చినవాడు ఆర్థర్ హేసెల్‌రిగ్. 1642లో మొదటి చార్లెస్ రాజు స్వయంగా పార్లమెంటుకొచ్చి పట్టుకోబోయిన ఐదుగురు సభ్యుల్లో ఒకడు. రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధమయ్యాక కోట కొనుక్కున్నాడు. చాపెల్‌ని మందుగుండు పెట్టి పేల్చేశాడంటారు. ఆ రాళ్లతో తనకో పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. 1660లో రాజరికం తిరిగొచ్చింది, 1661లో ఈయన లండన్ టవర్‌లో ఖైదీగానే చనిపోయాడు. తర్వాత వచ్చిన కోసిన్ అనే బిషప్, పవిత్రమైన చోటి రాళ్లతో కట్టిన ఇల్లు నాకొద్దన్నాడట. కోటలోని పాత హాలునే చాపెల్‌గా మార్చాడు, 1665లో. అది ఇప్పటికీ ఉంది. వెళ్లి కాసేపు కూర్చున్నాను.

గుడి రాయి ఇంటికి చేరకూడదని మీ తాతయ్య అనేవాడు కదరా, అచ్చం అదే మాట! ఆ మూడో మెట్టు విషయంలో ఆయన చేసిన గొడవ గుర్తుందా? నవ్వకు. అమరావతి స్తూపం రాళ్లని కట్టడాలకి మోసుకుపోయారని తెలిసిన రోజు నువ్వు బస్సులో గుంటూరు దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఆ రాయి పట్టుకున్నాక... సరే, అది ఎదురుగా కూర్చుని చెప్పుకునే సంగతి.

అయ్యో, పాప లేచింది. పోస్టు డబ్బా ఐదున్నరకి తీస్తారు, ఇప్పుడు వెయ్యకపోతే మళ్లీ సోమవారమే. కాగితం వెనకాల రాయి బొమ్మ గీశాను. వరస తప్పిన ఆ రెండు దెబ్బలూ ముదురుగా దిద్దాను, చూడు. పిన్ని సంగతి మర్చిపోకుండా రాయి.

ఉంటానురా,
నీ రాము