దువా (ప్రార్థన)తో పాటు దవా (మందు) కూడా అందాలి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు మతిస్థిమితం తప్పినవారిని తీసుకొచ్చి, నయమవుతుందన్న ఆశతో రోజుల తరబడి అక్కడే ఉండిపోయే కుటుంబాల గురించి ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. వారిలో ముస్లిములే కాదు, హిందువులూ ఉంటారు. వారి నమ్మకాన్ని నేను తప్పుపట్టడం లేదు. డాక్టరు దగ్గరకు వెళితే ఈమాన్ (దైవవిశ్వాసం) తగ్గినట్టేనన్న భయం మాత్రం ఇస్లాం నేర్పినది కాదని, ముస్లిముగా ఆవేదనతో ఈ లేఖ రాస్తున్నాను.

మందు లేని ఏ వ్యాధినీ అల్లాహ్ దింపలేదన్న ప్రవక్త (స) మాట సహీహ్ బుఖారీ అనే ప్రవక్త ప్రవచనాల సంకలనంలో ఉంది. అది ఒంటి జబ్బుకే పరిమితమని ఎక్కడా లేదు. క్రీ.శ. 934లో మరణించిన ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ, శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చేర్చి, కోపం, భయం, దుఃఖం, వదలకుండా వేధించే ఆలోచనలు అంటూ మనోబాధలను వేర్వేరుగా చర్చించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, ఏ కారణమూ కనిపించకుండా శరీరంలోంచే పుట్టే దుఃఖం వేరని, రెండోదానికి శరీర చికిత్స కూడా కావాలని ఆయన అప్పుడే గుర్తించాడు. మనమేమో ఈనాటికీ, వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) సరిగా కాలేదేమోనని పదేపదే కాళ్లూ చేతులూ కడుక్కుంటూ నమాజు వేళ దాటిపోయి కుమిలిపోయే మనిషికి, అది షైతాను వస్‌వసా (మనసులో రేపే అనుమానం) అని చెప్పి ఊరుకుంటున్నాం. అది చికిత్సకు లొంగే జబ్బు కావచ్చునన్న ఆలోచన రావడం లేదు. వచ్చినా, పెళ్లి సంబంధాలు చెడతాయని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, దాచిపెడుతున్నాం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో ఓ ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు, సంకెళ్లతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది మరణించారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. అయితే నిషేధించి వదిలేస్తే ఆ కుటుంబాలు ఎక్కడికి వెళ్లాలి? గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా దీనికి ఒక దారి చూపింది. అక్కడ 2008లో మొదలైన ‘దవా, దువా’ కార్యక్రమంలో ముజావర్లు (దర్గా సేవకులు) ప్రార్థన ఆపలేదు. దువా చేసి, రోగిని దర్గాలోనే ఉన్న మనోవైద్యుల దగ్గరకు తామే పంపుతున్నారు. డాక్టరు చెబితే వినని కుటుంబం ముజావర్ చెబితే వింటుంది కనుకనే ఆ పద్ధతి నిలబడింది.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఏఎస్ పేటలోనూ మనోవైద్యులు వారానికి ఒక రోజైనా క్రమం తప్పకుండా కూర్చుని ఉచితంగా మందులిచ్చేలా ఆరోగ్యశాఖ ఏర్పాటు చేయాలని, అందుకు దర్గా నిర్వాహకులు, వక్ఫ్ బోర్డు ఒక గది కేటాయించాలని కోరుతున్నాను. ఇమాములు జుమా (శుక్రవారం నమాజు) ప్రసంగాల్లో ఈ విషయం మాట్లాడాలి. ఫోనులో మానసిక ఆరోగ్య సహాయం అందించే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416ను ప్రతి మసీదు నోటీసు బోర్డు మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వచ్చే శుక్రవారానికే ఆ పని చేయవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నెల్లూరు