పైనేల ఒకరిది, అడుగునేల ఒకరిది

చి. ల. సౌ. అమ్మడికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. టెక్సాస్ రాష్ట్రంలోని మిడ్లాండ్‌లో మీరు కొనబోతున్న ఇంటి దస్తావేజులో చమురు, వాయువు, ఇతర ఖనిజాలు ఈ అమ్మకంలో చేరవన్న షరతు ఉందనీ, అది చూసి అల్లుడుగారు కలవరపడుతున్నారనీ మొన్న ఫోనులో చెప్పావు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా పొలాల గట్ల మీద గొలుసు లాగినవాణ్ణి, నేల సంగతి నోటిమాటగా చెప్పి ఊరుకోలేను.

మీ ఊరు రైలువాళ్ల కొలతలో పుట్టింది. 1881లో టెక్సాస్ అండ్ పసిఫిక్ రైలుమార్గం వేసినప్పుడు ఫోర్ట్‌వర్త్‌కూ ఎల్‌పాసోకూ నడిమధ్య ఉందని ఆ మజిలీకి మిడ్‌వే అని పేరు పెట్టారు. ఆ పేరుతో వేరే ఊళ్లు ఉండడంవల్ల 1884లో పోస్టాఫీసు వచ్చినప్పుడు మిడ్లాండ్‌గా మార్చారు. అంతకుముందు ఆ మైదానం కొమాంచీలనే ఆదివాసులది. వారి చివరి దళాలు 1875లో లొంగిపోయాయి. వారి పేర పట్టా అంటూ ఏదీ లేదు కనుక, మీ లింకు దస్తావేజులు ఎంత వెనక్కి తిరగేసినా వారు కనబడరు. ఈ మాట ఏ ఈసీలోనూ ఉండదు, అందుకే నేను రాస్తున్నాను.

రైలుమార్గం వేసినందుకు ప్రతిఫలంగా ప్రభుత్వం నగదు ఇవ్వలేదు, నేల ఇచ్చింది. చదరపు మైలును, అంటే 640 ఎకరాలను, ఒక సెక్షనుగా కొలిచి, చదరంగపు గళ్లలా ఒకటి రైలుకు, దాని పక్కది బడుల నిధికి చొప్పున పంచారు. మన గ్రామ పటాల్లోని వంకర గట్లకు అలవాటుపడిన నా కంటికి ఆ చతురస్రాలు మొదట అబద్ధంలా తోచాయి. 1882లో గారెట్ అనే ఆయన కాలిఫోర్నియా నుంచి గొర్రెల మందతో వచ్చి అక్కడ స్థిరపడిన మొదటివాడయ్యాడు. తరువాత పశువుల ఆసాములు వచ్చారు. ఏరు లేని ఆ నేలలో ఇంటింటికీ ఒక గాలిమర నిలబెట్టి నీళ్లు తోడుకోవడంతో దాన్ని గాలిమరల ఊరు అనేవారట. పోయిన ఏడాది నేను అక్కడున్నప్పుడు, ఊరి బయట ఉన్న మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దాయాదని చెబితే నువ్వు నవ్వావు. ఆ మాట నిజమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టెక్సాస్‌ను ఒకప్పుడు ఏలిన స్పెయిన్ రాజుల కాలపు చట్టంలో భూమి ఎవరిదైనా గనులు రాజువి. టెక్సాస్ 1866 నాటి రాజ్యాంగంలో ఆ హక్కును వదులుకుని, అడుగున ఉన్నది కూడా నేల యజమానిదేనంది. అప్పటినుంచి ఒకే నేలను రెండు ఆస్తులుగా చీల్చి అమ్ముకునే వీలు కలిగింది. మిడ్లాండ్‌కు ఆగ్నేయంగా, పనికిరాని మెట్ట కదా అని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి కట్టబెట్టిన భూమిలో, 1923 మే 28న శాంటా రీటా బావి చమురు చిమ్మింది. అసాధ్యాలను నెరవేర్చే పునీతురాలి పేరు పెట్టుకుని, ఆమె పేర ఆశీర్వదించిన గులాబీ రేకులను డెరిక్ (బావి మీది తవ్వకపు గోపురం) పైనుంచి చల్లి ఆ బావిని తవ్వించారు. అది చూశాక, పైనేల అమ్ముకున్న ఆసాములు కూడా అడుగు హక్కు మాత్రం తమ వద్దే ఉంచుకోవడం నేర్చారు. తీసిన చమురులో ఎనిమిదో వంతు వాటా, అంటే రాయల్టీ, ఆ హక్కుదారుకు ఇవ్వడం ఆనవాయితీ అయింది. రైలు ఉన్న ఊరు కావడంతో కంపెనీల ఆఫీసులు మిడ్లాండ్‌కే చేరాయి. 1929 నాటికి పన్నెండు అంతస్తుల పెట్రోలియం భవనం లేచింది. చమురు ధర పడినప్పుడల్లా ఆ ఊరు ఏడ్చిన సంగతులు నీకే బాగా తెలుసు.

మన కోనసీమలో అలా కాదు. పాశర్లపూడి బావి 1995లో అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఆ వెలుగు మన డాబా మీదికి కూడా పడేది. కొబ్బరితోటలో బావి తవ్వితే రైతుకు దక్కేది పైనేలకు ఇచ్చే పరిహారమే, చమురులో వాటా కాదు. అక్కడి ఆసామి మనవలు ఇంట్లో కూర్చుని చెక్కు అందుకోవడం చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త అసూయే కలిగింది.

కనుక ఆ షరతు మోసం కాదు. అక్కడ అది మామూలే. అయితే ఖనిజ హక్కుదారుకు తవ్వకానికి అవసరమైనంత పైనేలను వాడుకునే హక్కు చట్టప్రకారం ఉంటుంది. అందుచేత ఆ హక్కును వదులుకుంటూ ఎవరైనా పత్రం రాసి ఇచ్చారా అని మీ లాయరును రాతపూర్వకంగా అడగండి. ఊరి హద్దుల్లో తవ్వకానికి ఉన్న నిబంధనలు కూడా కనుక్కోండి.

హద్దుల పటం నకలు నాకు పంపు. సెక్షను నంబరు బేసి అయితే మామూలుగా అది రైలుది, సరి అయితే బడిపిల్లలది. 1895 నుంచి 1931 దాకా ఖనిజ భూములుగా అమ్మిన బడి భూముల్లో ఖనిజాన్ని రాష్ట్రం తనకే ఉంచుకుంది. మీ వంటిల్లు ఏ గడిలో పడిందో చూడాలని ఉంది.

ఇట్లు,
మీ నాన్న